అడగండి చెప్తాం: ఈ సోషల్ మీడియా మానేయాలా, ఉంచుకోవాలా?

పోయిన సంచికలో సోషల్ మీడియా మానేయడం గురించి ఏమన్నా డౌట్లుంటే రాయమన్నాం, అంతే, తిరుపతి నుంచీ చిత్తూరు నుంచీ వచ్చిన ఉత్తరాలు, మెయిల్స్ చదవడానికే టైమ్ పట్టింది. అన్నీ వెయ్యడానికి చోటు లేదు కాబట్టి ఒకే రకం ప్రశ్నలు కలిపేసి కొన్నిటికి జవాబులు ఇస్తున్నాం. పేర్లు వెయ్యొద్దని చాలామంది రాశారు, ఎవరివీ వెయ్యలేదు.

ప్రశ్న: ఎంబీఏ చదివినాను, పెళ్ళయినాక ఇంట్లోనే ఉండాను. పాపని స్కూల్‌కి పంపించి రొంత సేపు రీల్స్ చూద్దామని కూర్చుంటే అన్నం టైమ్ అయిపోతా ఉంది. చూసినంత సేపూ ఏమీ అనిపించదు, ఆపినాక మాత్రం ఒకటే చిరాకు, మా తోడికోడలు కొత్త ఇల్లు, కాలేజీ ఫ్రెండ్ సింగపూర్ ట్రిప్పు, నేనేమో గిన్నెలు తోముకుంటా. యాప్ తీసేస్తాను, రెండ్రోజులకి మళ్ళీ వేస్తాను. మా ఆయన నీకు విల్ పవర్ లేదు అంటాడు. మొత్తానికే మానేస్తే నిజంగా మేలు ఉంటుందా? (బైరాగిపట్టెడ, తిరుపతి)

జవాబు: ముందు మీ ఆయన ఫోన్‌లో సెట్టింగ్స్‌కి పోయి రోజుకి ఎంతసేపు చూస్తున్నాడో చూపించమనండమ్మా, విల్ పవర్ సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఎందుకంటే ఇది మీ ఒక్కరి బలహీనత కాదు, మీరు లేవకుండా చెయ్యడానికి జీతాలిచ్చి ఇంజనీర్లని పెట్టుకున్నారు అవతలవాళ్ళు. వేలితో పైకి తోస్తా పోతే కిందనుంచి కొత్తది వస్తానే ఉండే ఆ పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు, తర్వాత ఆయనే ఇట్లాంటిది చేసినందుకు బాధపడుతున్నానని బయటికి చెప్పాడు. అంతకుముందు పేజీ అయిపోతే "నెక్స్ట్" నొక్కాలి, ఆ నొక్కేలోపు మనిషికి కాస్త తెలివొస్తుంది. మన పెళ్ళి భోజనాల్లో పెరుగన్నం వచ్చిందంటే ఇంక లేవాలని చిన్నపిల్లలకి కూడా తెలుసు కదా, ఇక్కడ పెరుగు వడ్డించేవాడే లేడు, వడ్డన మాత్రం ఆగదు. 2009లో ఫేస్‌బుక్ లైక్ బటన్ పెట్టింది, అప్పటినుంచి ఎవరు మెచ్చుకున్నారో లెక్క చూసుకోవడం కూడా మొదలైంది. ఆ కంపెనీకి మొదటి ప్రెసిడెంట్‌గా చేసిన షాన్ పార్కర్ 2017లో ఒక మీటింగ్‌లో ఓపెన్‌గానే చెప్పేశాడు, మీ టైమూ మీ ధ్యాసా ఎంత ఎక్కువ లాక్కోవచ్చు అన్నదే అప్పట్లో మా ఆలోచన అని. కాబట్టి మీరు మిమ్మల్ని తిట్టుకోవడం ఆపండి.

ఇంక మేలు ఉంటుందా అన్నారు. ఉంటుంది, కానీ వాట్సాప్‌లో వచ్చే "నా జీవితం మారిపోయింది" మార్కు మేలు ఆశించకండి. 2018లో అమెరికాలో ఎలక్షన్ల ముందు స్టాన్‌ఫర్డ్, న్యూయార్క్ యూనివర్సిటీల వాళ్ళు దగ్గర దగ్గర 2,700 మందితో ఒక పరీక్ష చేశారు, కొందరికి డబ్బులిచ్చి 4 వారాలు ఫేస్‌బుక్ ఆపించారు, మిగతావాళ్ళని మామూలుగా వాడనిచ్చారు. ఆపినవాళ్ళకి రోజుకి సుమారు గంట మిగిలింది, ఆ గంట వేరే యాప్‌లోకి పోలేదు, టీవీ చూడ్డానికీ ఇంట్లోవాళ్ళతో ఫ్రెండ్స్‌తో గడపడానికీ పోయింది. మనసు కాస్త బాగుంది, కాస్తే, ఎక్కువేం కాదు. వార్తలు కొంచెం తక్కువ తెలిశాయి, దాంతోపాటు రాజకీయాల్లో మావాళ్ళు మీవాళ్ళు అనే ఆవేశం కూడా తగ్గింది. నాకు వీటన్నిటికంటే నచ్చింది ఏంటంటే, పరీక్ష అయిపోయాక డబ్బులు ఇవ్వకపోయినా ఆపినవాళ్ళు ముందు వాడినంతగా మళ్ళీ వాడలేదు. అంటే కొన్నాళ్ళు దూరంగా ఉంటే అది ఎంతవరకు కావాలో మనకే తెలిసిపోతుంది అన్నమాట.

చెయ్యాల్సింది ఏంటంటే, యాప్ తీసెయ్యడం వేరు, అకౌంట్ తీసెయ్యడం వేరు, మీరు చేస్తున్నది మొదటిది, అందుకే రెండ్రోజుల్లో పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోతున్నారు. డీయాక్టివేట్ అంటే మీరు మాత్రమే కనపడరు, అన్నీ అక్కడే ఉంటాయి, ఎప్పుడు లాగిన్ అయితే అప్పుడు లేచి కూర్చుంటుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో శాశ్వతంగా డిలీట్ పెడితే 30 రోజులు గడువు ఇస్తారు, ఆ లోపల ఒక్కసారి లాగిన్ అయినా రద్దు చేసుకోవచ్చు, అదే మన కొంప ముంచేది. అందుకని డిలీట్ పెట్టేముందు పాప ఫోటోలు, వీడియోలు అన్నీ "డౌన్‌లోడ్ యువర్ ఇన్ఫర్మేషన్" అనో "ఎక్స్‌పోర్ట్ యువర్ ఇన్ఫర్మేషన్" అనో ఉంటుంది, అక్కడ దించుకోండి, ఇంకా వేరే ఏ యాప్‌లోకన్నా ఫేస్‌బుక్ అకౌంట్‌తో లాగిన్ అవుతున్నారేమో చూసి అక్కడ ఫోన్ నంబరో మెయిలో మార్చుకోండి, లేకపోతే అవి కూడా పోతాయి. కావాల్సినవాళ్ళ ఫోన్ నంబర్లు ఒక నోట్‌బుక్కులో రాసుకోండి, మీ తోడికోడలిది కూడా. ఆమె ఇల్లు ఫోటోలో చూస్తే కుళ్ళు వస్తుంది, నేరుగా పోయి చూస్తే ఈఎంఐ సంగతి కూడా చెప్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ పొద్దున టైమ్‌ని ఖాళీగా ఉంచకండి. పాపని స్కూల్‌లో దింపి అట్లే ఎస్వీ యూనివర్సిటీ లోపల ఒక రౌండ్ నడిచి రండి, లేదా మీ వీధిలోనే ఇట్లా ఇంట్లో ఉండే ఇంకో ఇద్దర్ని పట్టుకోండి, వాళ్ళూ ఇదే పని చేస్తా ఉంటారు తలుపేసుకొని. ఒక్కరే మానేస్తే కష్టం, ముగ్గురు కలిస్తే అది గుర్తు కూడా రాదు.

ప్రశ్న: అయ్యా, మాకు తోతాపురి తోట ఉండాది. మామిడి గ్రూపులు, పాల గ్రూపు, ఊరి గ్రూపు, కులపోళ్ళ గ్రూపు, పార్టీ గ్రూపులు అన్నీ కలిపి శానా ఉండాయి. తెల్లారితే గుడ్ మార్నింగులే. మా అబ్బోడు బెంగుళూర్లో ఉంటాడు, ఆ ఫోన్ అవతల పారేసి బటన్ ఫోన్ కొనుక్కో నాయనా అంటాడు. పారేస్తే రేట్లు ఎట్ల తెలుస్తాయి? (బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె)

జవాబు: పారెయ్యొద్దన్నా. మీ అబ్బాయి బెంగుళూరులో కూర్చొని చెప్పడం సులభం, ఆయనకి జీతం బ్యాంకులో పడుతుంది, మీకు రేటు యార్డులో పడుతుంది. 2025 సీజన్‌లో తోతాపురి రేటు అట్లా పడిపోయి ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు కలిపి ఇస్తామన్న రోజుల్లో ఏ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు తెరిచింది, ఎన్ని ట్రాక్టర్లు లైన్లో ఉన్నాయి అన్న ఒక్క మెసేజ్ తెలియకపోతే కాయ ట్రాక్టర్లోనే మెత్తబడిపోతుంది. పైగా ఇప్పుడు గవర్నమెంటే 2025 జనవరిలో మన మిత్ర అని పెట్టి సర్టిఫికెట్లూ బిల్లులూ వాట్సాప్‌లోకి తెచ్చేసింది. పని అంతా తీసుకుపోయి ఒకచోట పెట్టేశాక అక్కడికి పోవద్దంటే ఎట్లా, నాకు ఈ మాట దగ్గర కోపమే వస్తుంది.

వాట్సాప్‌ని ఫోన్ లాగా వాడండి, టీవీ లాగా కాదు. పని ఉన్న గ్రూపులు రెండో మూడో ఉంచుకోండి, మామిడిదీ పాలదీ. మిగతావాటికి మ్యూట్‌లో "ఎప్పటికీ" అని పెట్టి ఆర్కైవ్‌లో పడేయండి, బయటికొస్తే కులపోళ్ళు అలుగుతారు కాబట్టి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్ అని ఉంటుంది, "నా కాంటాక్ట్స్" అని మారిస్తే తెలియనివాళ్ళు మిమ్మల్ని కొత్త గ్రూపుల్లో పడెయ్యలేరు. ఫోటోలు వాటంతటవే దిగడం ఆపేస్తే ఫోన్ కూడా నిండదు. ఇదంతా మీ అబ్బాయినే పండక్కి వచ్చినప్పుడు చెయ్యమనండి, ఫోన్ పారెయ్యమని చెప్పినవాడే కదా. ఇంకోటి, గ్రూపులో వచ్చిన రేటు చూసి కాయ కొయ్యొద్దు, యార్డులో తెలిసినాయనకి ఒక ఫోన్ కొట్టి అడిగాకే.

ప్రశ్న: నేను డిగ్రీ ఫైనల్ ఇయర్. సోషల్ మీడియా సొసైటీని నాశనం చేస్తోంది అని తెలుసు సర్, హీరోల ఫ్యాన్స్ తిట్టుకునేది చూస్తే అసహ్యం వేస్తుంది. కానీ నేనొక్కడే మానేస్తే సొసైటీ మారుతుందా? పైగా క్లాస్ అప్‌డేట్స్, ఫ్రెండ్స్ ప్లాన్లు అన్నీ అందులోనే, మానేస్తే నన్నే వెలివేసినట్టు అయిపోతుంది. (ఎమ్మార్ పల్లి, తిరుపతి)

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్నలోనే అసలు విషయం ఉంది, నువ్వు గమనించావో లేదో. నీకు ఇష్టమై ఉండటం లేదు, మిగతావాళ్ళు ఉన్నారని ఉంటున్నావు. మిగతావాళ్ళు నువ్వు ఉన్నావని ఉంటున్నారు. ఇది నా ఊహ కాదు, 2023లో షికాగో యూనివర్సిటీ వాళ్ళు ఇంకొందరితో కలిసి అమెరికా కాలేజీ పిల్లల్ని ఇదే అడిగారు. నువ్వొక్కడివే 4 వారాలు ఆపాలంటే ఎంత ఇవ్వాలి అంటే టిక్‌టాక్‌కి సగటున 59 డాలర్లు, ఇన్‌స్టాగ్రామ్‌కి 47 డాలర్లు అడిగారంట. సరే, నువ్వు, మీ కాలేజీలో అందరూ కలిసి ఆపేస్తే అంటే, లెక్క తిరగబడింది, ఎదురు వీళ్ళే డబ్బులు కడతామన్నారు, టిక్‌టాక్‌కి 28, ఇన్‌స్టాకి 10 డాలర్లు. అంటే అందరికీ అది లేకపోతేనే బాగుంటుంది, కానీ ఎవడూ ముందు లేవడు. మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని ఒక్కసారిగా ఆపేశారు కదా, అందరికీ ఒకే రోజు పోయింది కాబట్టి ఎవరూ వెలి పడలేదు. కాకపోతే నెల తిరక్కుండానే రీల్స్ వచ్చి ఆ జాగా నింపేసింది, అది వేరే కత.

సొసైటీ సంగతికి వస్తే, పెద్దపెద్ద మాటలు అక్కర్లేదు, మన పక్కన జరిగిందే చెప్తా. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే గ్యాంగులు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు, ఆడియోలు మన రాష్ట్రంలో, తెలంగాణలో, తమిళనాడులో ఒకటే తిరిగినాయి, నీకు అప్పుడు చిన్నతనం, మీ ఇంట్లో అడుగు, పిల్లకాయల్ని బయటికి పంపకుండా రాత్రిళ్ళు కర్రలు పట్టుకొని కాపలా కాసిన ఊళ్ళు ఉన్నాయి. వేలూరు దాటితే వచ్చే తిరువణ్ణామలై జిల్లాలో పోలూరు దగ్గర చెన్నై నుంచి కులదేవత గుడికి వచ్చిన ఒక 65 ఏళ్ళ పెద్దావిడ, దారిలో కనపడిన పిల్లలకి చాక్లెట్లు ఇచ్చింది. అంతే. జనం చుట్టుముట్టి కొట్టి చంపేశారు. ఆ మెసేజ్ పంపినవాళ్ళలో ఒక్కడు కూడా హత్య చెయ్యాలని పంపి ఉండడు, పిల్లలు జాగ్రత్త అని మంచి మనసుతోనే పంపి ఉంటారు. ఆ ఏడాది ఇట్లాంటివి దేశంలో చాలాచోట్ల జరిగాకే జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకసారికి 5 చాట్‌లకే పంపేట్టు కట్టడి చేసింది, 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగిన మెసేజ్ అయితే ఒక్క చాట్‌కే అన్నారు, అప్పుడు అట్లాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పింది. మనిషి మారలేదు, చదువు పెరగలేదు, ఒక బటన్ కాస్త కష్టం చేస్తే అంత తగ్గింది చూడు. కాబట్టి నువ్వొక్కడివే మారితే ఏమవుతుంది అంటే, నీ దగ్గర ఆగిపోయిన మెసేజ్ ఆ కొమ్మలో అక్కడితో ఆగుతుంది, అది తక్కువ పనేం కాదు.

వెలి పడకుండా ఉండాలంటే ఒంటరిగా శపథాలు చెయ్యకు. మీ బెంచీ వాళ్ళు నలుగురిని కూర్చోబెట్టి, సెమిస్టర్ అయ్యేదాకా ఆపుదాం అని కలిసి ఆపండి. క్లాస్ అప్‌డేట్స్ నోటీస్ బోర్డులోనూ మెయిల్‌లోనూ కూడా పెట్టమని మీ క్లాస్ రెప్రజెంటేటివ్ (సీఆర్)ని అడుగు, అడిగితే ఇస్తారు, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు అంతే. ఫ్యాన్స్ గొడవల గురించి నేనేం చెప్పను, తిరుపతిలో ఉండి ఆ విషయం మాట్లాడితే నాకే ఉత్తరాలు వస్తాయి.

ప్రశ్న: ఇంట్లోనే మగ్గం వర్క్, బ్లౌజులు కుడతాను. ఆర్డర్లు సగం పైగా ఇన్‌స్టా పేజీ నుంచే. మానేస్తే కస్టమర్లు పోతారు, ఉంటే నేను పోతున్నాను, సూది పట్టుకోవాల్సిన చేత్తో ఫోన్ పట్టుకుంటున్నా. (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: మీది దుకాణం అక్కా, మానెయ్యొద్దు. కానీ దుకాణానికి తెరిచే టైమ్, మూసే టైమ్ ఉంటాయి. పర్సనల్ అకౌంట్ తీసేసి పేజీ ఒక్కటే ఉంచుకోండి, అది కూడా ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే అందులోనే, ఫోన్‌లో వద్దు. పొద్దున ఒకసారి, సాయంకాలం ఒకసారి ఫోటోలు పెట్టి మెసేజ్‌లకి జవాబిచ్చి మూసేయండి. వచ్చిన ప్రతి కస్టమర్ నంబర్ తీసుకొని వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పోయేది) వేసుకోండి, అయితే వాళ్ళు కూడా మీ నంబర్ సేవ్ చేసుకుంటేనే ఆ మెసేజ్ చేరుతుంది, అది చెప్పి చేయించుకోండి. రేపు ఆ యాప్ వాళ్ళు మీ పేజీ చూపించడం తగ్గించేసినా మీ కస్టమర్లు మీ దగ్గరే ఉంటారు.

ప్రశ్న: మావాడు ఎనిమిదో తరగతి. ఫోన్ లాక్కుంటే అన్నం తినకుండా అలుగుతాడు, మొన్న తలుపుకి గుద్దినాడు. ఏదో దేశంలో పిల్లలకి మొత్తం బంద్ చేసినారంట కదా, మన దగ్గర ఎప్పుడు చేస్తారు? (పలమనేరు)

జవాబు: ఆస్ట్రేలియా అమ్మా. 16 ఏళ్ళ లోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు ఉండకూడదని 2024 నవంబర్‌లో చట్టం చేశారు, 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది, అకౌంట్ ఉంటే జరిమానా కంపెనీకే, పిల్లలకో తల్లిదండ్రులకో కాదు. నాకు నచ్చింది అదే, ఇక్కడ మనమేమో తప్పంతా తల్లి మీద వేస్తాం. మన దగ్గర ఎప్పుడు అని ఎదురు చూసేలోపు మీవాడికి మీసాలొస్తాయి కాబట్టి ఇంట్లో ఏం చెయ్యొచ్చో చూద్దాం.

లాక్కోవద్దు, లాక్కుంటే యుద్ధమే. వాడు మామూలుగా ఉన్నప్పుడు, ఆదివారం పొద్దున లాంటప్పుడు, వాడితోనే కూర్చొని టైమ్ మాట్లాడుకోండి, రాత్రి పడుకునేముందు ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఒకచోట ఛార్జింగ్‌కి పెట్టాలి. అందరివీ అంటే వాళ్ళ నాన్నది కూడా. పెద్దాయన మంచం మీద వార్తలు చూస్తా పిల్లోడిని తిడితే ఏ పిల్లోడూ వినడు. సాయంకాలం ఆడుకోవడానికి వాడికి మనుషులు ఉన్నారా, గ్రౌండ్ ఉందా అనేది కూడా చూడండి, ఫోన్ తీసేసి గోడ చూపిస్తే వాడు మాత్రం ఏం చేస్తాడు. ఆ తలుపు గుద్దడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నిద్ర పోవట్లేదు, స్కూల్ ఎగ్గొడుతున్నాడు, కొడుతున్నాడు అనే దాకా వస్తే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అని మానసిక ఆరోగ్యం హెల్ప్‌లైన్, గవర్నమెంటుదే, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీకు బెంగుళూరు దగ్గరే కదా, అక్కడ నిమ్హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్ అలవాట్ల కోసమే షట్ క్లినిక్ అని 2014 నుంచి నడుస్తోంది, పిచ్చాసుపత్రి అని భయపడకండి, మీలాంటి తల్లులే బయట బెంచీల మీద కూర్చొని ఉంటారు.

ప్రశ్న: సోషల్ మీడియా మొత్తం వదిలేద్దామనుకుంటున్నాం, కానీ కొండ మీద దర్శనం టికెట్లు, రూముల కబుర్లు అందులోనే తెలుస్తాయి. ఇంకో బాధ, మొన్న ఒక పేజీలో కొండ మీద రూమ్ ఇస్తామంటే మా బావగారు అడ్వాన్స్ పంపినారు, వాళ్ళు మళ్ళా ఫోన్ ఎత్తలేదు. ఆ కోపంతోనే ఈరోజు అకౌంట్ డిలీట్ చేసేస్తానంటున్నారు. (కొర్లగుంట, తిరుపతి)

జవాబు: టికెట్ల కోసం ఏ పేజీ అక్కర్లేదండీ. 300 రూపాయల దర్శనం కోటా, రూములూ దాదాపు మూడు నెలల ముందే టీటీడీ సొంత వెబ్‌సైట్‌లోనూ యాప్‌లోనూ పెడతారు, ఏ రోజు ఎన్నింటికి తెరుస్తారో పేపర్లో కూడా వేస్తారు. వెబ్‌సైట్ చివర ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ఉందా లేదా చూసుకోండి, లేకపోతే దేవుడి ఫోటో ఎంత పెద్దది ఉన్నా నమ్మొద్దు. తిరుపతిలో ఉండే మనమే పేజీలు చూసి మోసపోతే ఎక్కడో బీదర్ నుంచో నాగపూర్ నుంచో వచ్చేవాళ్ళ గతేంటి.

మీ బావగారిని మాత్రం ఇప్పుడే ఆపండి. అకౌంట్ డిలీట్ చేస్తే ఆ పేజీతో చేసిన చాట్ మళ్ళీ చూపించాలంటే కష్టం, కేసుకి పనికొచ్చేది అదే. ముందు 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చెయ్యమనండి, డబ్బు ఎంత తొందరగా ఆపిస్తే అంత దొరికే అవకాశం. బ్యాంకుకి కూడా చెప్పి, చాట్‌కీ ఆ పేజీకీ స్క్రీన్‌షాట్లు తీసి, యూపీఐ ట్రాన్సాక్షన్ నంబర్ రాసుకొని సైబర్ క్రైమ్ వెబ్‌సైట్‌లో కంప్లైంట్ పెట్టమనండి. కంప్లైంట్ నంబర్ చేతికొచ్చి, అకౌంట్ డేటా అంతా డౌన్‌లోడ్ చేసుకున్నాక అప్పుడు డిలీట్ చేసుకోమనండి, ఎవరూ అడ్డం రారు.